కార్తీకమాసంలో పని మీద అనంతపురం, కదిరి: ఏమి తినాలి, ఏమి చూడాలి?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను కాకినాడవాసిని. సౌర విద్యుత్ కేంద్రాలలో ఇన్వర్టర్లను, ట్రాన్స్‌ఫార్మర్లను తనిఖీ చేసి నివేదిక ఇవ్వడం నా ఉద్యోగం. ఈ కార్తీకమాసంలో వారం రోజుల పని మీద అనంతపురం వైపు రావలసి ఉంది. ఆదివారం అనంతపురంలో దిగుతాను. సోమవారం తాడిపత్రి దగ్గర తలారిచెరువులో పని, మంగళవారం నుంచి శుక్రవారం దాకా కదిరి అవతల నంబులపూలకుంటలో పని. శనివారం పూర్తిగా ఖాళీ. ఆదివారం తిరుగు ప్రయాణం.

నేను ఇంతకుముందు రెండుసార్లు ఇదే జిల్లాకు వచ్చి, రెండుసార్లూ ఏమీ చూడకుండా, ఏమీ రుచి చూడకుండా తిరిగి వెళ్ళాను. బస చేసిన హోటల్లో ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం ప్లాంటు క్యాంటీన్‌లో సాంబారన్నం, రాత్రి మళ్ళీ హోటల్లో పనీరు కూర, రొట్టె. అదే భోజనం కాకినాడలోనూ దొరుకుతుంది, భువనేశ్వర్‌లోనూ దొరుకుతుంది. రెండోసారి తిరిగి వెళ్ళినప్పుడు మా అమ్మ "సీమకు వెళ్ళావు కదా, సంగటి తిన్నావా?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. ఈసారి ఆ పరిస్థితి రాకూడదని ముందుగా మిమ్మల్ని అడుగుతున్నాను.

నా ఇబ్బందులు కూడా చెప్పడం న్యాయం. మొదటిది, కార్తీకం నెల్లాళ్ళూ మా ఇంట్లో మాంసాహారం ముట్టము. సోమవారాలు నేను పగలంతా ఉపవాసం ఉండి, నక్షత్ర దర్శనమైన తరువాతే భోజనం చేస్తాను. మిగిలిన రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి విషయంలో పట్టింపు లేదు. ఎవరిని అడిగినా సంగటి అంటే నాటుకోడి పులుసు అనే చెబుతున్నారు. కోడి లేకుండా తింటే దానికి అర్థమే ఉండదని ఒక సహోద్యోగి తేల్చేశాడు. అది నిజమేనా? రెండోది, కంపెనీ ఇచ్చే కారు బస నుంచి ప్లాంటుకు, ప్లాంటు నుంచి బసకు మాత్రమే. సాయంత్రం 5 గంటలకు పని ముగుస్తుంది. మూడోది, నాకు కారం కొంచెం భయం. గోదావరి జిల్లా వాళ్ళం తీపి ఎక్కువ తింటామనే పేరు మాకు ఊరికే రాలేదు.

లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను, బెలుం గుహలు, పెనుకొండ అని నాలుగు పేర్లు రాసుకున్నాను. నాలుగూ చూడడం అసాధ్యమని నాకే తెలుస్తున్నది. వేటిని వదులుకోవాలో స్థానికులు చెబితే ఆ మాట వింటాను.

పాతబడిపంతులు సమాధానం

మాది కదిరి. ముప్పై ఏళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల పల్లెల బడుల్లో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. కాబట్టి నాయనా, మీ సహోద్యోగి మాటకు ముందు సమాధానం చెప్పి తక్కిన విషయాలకు వస్తాను.

సంగటికి కోడి జత అనేది హోటళ్ళు పెట్టిన ఆనవాయితీ. ఇంట్లో కోడి కోయడం చుట్టం వచ్చినప్పుడో పండుగ నాడో జరిగేది, సంగటి మాత్రం దినమూ ఉడికేది. రోజూ సంగటిలోకి ఏమి వేసుకున్నారు మరి? చెనిక్కాయలు దంచి చేసే పచ్చడి ఊరిబిండి, పప్పుగుత్తితో ఎనిపిన ఆకుకూర పప్పు, గోగాకు, వంకాయ పులుసు, ఏమీ లేనినాడు పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ, మజ్జిగ. మీరు చెనిక్కాయలంటే ఏమిటని వెతుక్కోకండి, అవి మీ వేరుశెనగ గుళ్ళే. అనంతపురం దాటి కర్నూలు వైపు పోతే వాటినే బుడ్డలంటారు. కార్తీకంలో వస్తున్నారు కనుక మీకు దక్కేది నిజమైన రోజువారీ సంగటి భోజనమే. మాంసం తినేవాడు వచ్చి ఉంటే అది తెలియకుండానే వెళ్ళిపోయేవాడు.

ఈ తిండి ఇక్కడ ఎందుకు నిలిచిందో మీ వృత్తిలో ఉన్నవారికి సులభంగా అర్థమవుతుంది. పడమటి కనుమలు నైరుతి మబ్బును అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి సన్నబడిపోతుంది. అందుకే మా పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన. మబ్బు పట్టని ఆకాశం కాబట్టే సౌర ఫలకాలు మా ఊళ్ళకు వచ్చాయి, మీకు ఇక్కడ పని పడింది. ఆ ఆకాశం కిందే వరి పండక రాగి, కొర్ర, జొన్న, చెనిక్కాయ పండాయి. కాటన్ దొర ఆనకట్ట కట్టిన నేల మీది, వానకు ఎదురుచూసే నేల మాది. నా చిన్నతనంలో వరి అన్నం పండుగ వంటకం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకనే మా పల్లెల్లో తెల్లన్నం రోజువారీ మాట అయింది. ఇప్పుడేమో సంగటి హోటల్ బోర్డు మీదికి ఎక్కింది, ధర కూడా దానితోపాటే ఎక్కింది.

సంగటి మంచిదో కాదో పోల్చుకోవడం నేర్చుకోండి. బియ్యాన్ని ఎక్కువ నీళ్ళలో మెత్తగా ఉడికించి, మధ్యలో రాగిపిండిని గుట్టగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గనిస్తారు. పిండి ఉడికిన తరువాత తెడ్డుతో గట్టిగా గెలుకుతారు. చెయ్యి తిరిగినవారు చేస్తే లోపల పొడి పిండి ఉండలు కనిపించవు, ముద్ద విరిచినప్పుడు వేలికి జిగురుగా సాగదు. ముద్ద వేడిగా ఉండాలి. చల్లారి పైన తోలు కట్టినదైతే మొహమాటపడకుండా మరొకటి అడగండి. తినడంలోనూ ఒక పద్ధతి ఉంది. చిన్న తునక తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులో పప్పో పులుసో అందుకుని, పెద్దగా నమలకుండా మింగాలి. అన్నంలాగా కలపబోతే మీకూ బాధ, చూసేవారికీ బాధ.

కారం గురించి భయపడుతున్నారు కదా, ఊరిబిండి ముందుగా తినండి. చెనిక్కాయల కమ్మదనం కారాన్ని అదుపులో పెడుతుంది. పచ్చిమిరపకాయల కారం వడ్డిస్తే మాత్రం ఒక మెతుకంత తీసుకుని చూసి ఆ తరువాత ధైర్యం చేయండి.

ఇక బస. మంగళవారం నుంచి దయచేసి కదిరిలో ఉండండి. అనంతపురం నుంచి నంబులపూలకుంటకు దినమూ పోయి రావడమంటే మీ సాయంత్రాలన్నీ రోడ్డు మీదే ముగుస్తాయి. మా ఊళ్ళో ఆడంబరమైన హోటళ్ళు లేవు, శుభ్రమైన గదులు ఉన్నాయి. లక్ష్మీనరసింహస్వామి గుడికి నడిచిపోవచ్చు. ఖదిరమంటే చండ్రచెట్టు, ఊరికి ఆ పేరు దానివల్లే వచ్చిందని చెబుతారు. స్వామి పక్కన ప్రహ్లాదుడు ఉండడం ఇక్కడి విశేషం. ఆ వీధుల్లోనే కదిరి కుంకుమ, మల్లెపూలు అమ్ముతారు. అమ్మగారికి కుంకుమ తీసుకుపోతే సంగటి గురించి అడిగిన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే.

తిమ్మమ్మ మర్రిమాను మాకు పాతిక కిలోమీటర్లు. మీ ప్లాంటు వైపే కనుక ఒక సాయంత్రం ముందుగా అనుమతి అడిగి పావుగంట ముందు బయలుదేరితే చీకటి పడేలోగా చేరుకోవచ్చు. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు అది, అయిదెకరాలకు దగ్గరగా కొమ్మలు చాచింది. కానీ ఆ లెక్కలు అక్కడ నిలబడినప్పుడు గుర్తుకు రావు. దూరం నుంచి చిన్న అడవి అనుకుంటారు, లోపలికి నడిచాక ఊడలన్నీ మానులై నిలబడి ఉండటంతో ఏది మొదటి మానో తెలియదు. తిమ్మమ్మ గుడి దగ్గర ఆగి, వచ్చినవారు మొక్కుకునే తీరు కూడా చూడండి.

మీ జాబితాలో లేని పేరు ఒకటి నేను చేరుస్తాను. గాండ్లపెంట మండలంలోని కటారుపల్లి కదిరికి దగ్గరే. వేమన సమాధిగా జనం కొలిచే చోటు అది. బ్రౌన్ దొర 1829లో ఆ పద్యాలను అచ్చు వేయించకముందే ఇక్కడి రైతుల నోళ్ళలో అవి ఆడుతూ ఉండేవి. చూడడానికి అక్కడ గొప్ప శిల్పమేమీ లేదు. బడిలో వేమన పద్యాలు చెప్పి చెప్పి అలవాటైన నాకు ఏడాదికి ఒకసారైనా అక్కడికి పోవాలనిపిస్తుంది, మీకు అనిపించకపోతే తప్పు పట్టను.

టికెట్టుసంచి సమాధానం

పంతులుగారు కదిరి సంగతి పూర్తిగా చెప్పారు కనుక నేను సోమవారానికే పరిమితమవుతాను. సిమెంటు కర్మాగారాల పని మీద నెలకు ఒకసారైనా తాడిపత్రి వెళ్ళేవాడిని కాబట్టి ఆ ఊరు నాకు బాగా తెలుసు.

తాడిపత్రి అనంతపురానికి అరవై కిలోమీటర్ల లోపే. మీ తాడిపత్రి పని సోమవారం పడడం ఒక విధంగా అదృష్టం. ఉపవాసం ఎలాగూ ఉంటారు, భోజనం కోసం వెతుక్కునే సమయమంతా మీకు మిగులుతుంది. పైగా కార్తీక సోమవారం సాయంత్రం బుగ్గ రామలింగేశ్వరుని గుడిలో దీపాల వేళ ఉండటమే ఒక అనుభవం. గుడి పెన్నానది ఒడ్డున ఉంది. బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది కనుక ఆ పేరు. జనం ఎక్కువగా ఉంటారు, దర్శనానికి వరుసలో నిలబడవలసి వస్తుంది. అయినా అసలు చూడవలసినవి మాత్రం దర్శనం వరుసలో ఉండవు. గుడికి రెండు గోపురాలు పూర్తికాకుండానే నిలిచిపోయాయి. పైన ఇటుక అంతస్తులు లేవు, కింద నల్లరాతి గోడలు మాత్రమే ఉన్నాయి. ఆ గోడల మీద ఒక జానెడు చోటు కూడా ఖాళీ వదలకుండా చెక్కారు. వాస్తుచరిత్ర రాసిన ఫెర్గుసన్ వంటివాడు విజయనగరం గోపురాలకన్నా వీటిని మిన్నగా చెప్పాడు. వెలుగు ఉండగానే ముందు గోపురాల చుట్టూ తిరిగి, చీకటి పడ్డాక లోపలికి వెళ్ళండి. చాలామంది దీనికి విరుద్ధంగా చేసి, గోపురాలను చీకట్లో చూసి వస్తారు.

అక్కడి నుంచి చింతల వేంకటరమణస్వామి గుడి కూడా దగ్గరే. చింతచెట్టు తొర్రలో విగ్రహం దొరికిందని చెప్పుకుంటారు. విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల కాలంలో కట్టారు. గరుడ మండపాన్ని రాతి రథంలా మలచారు, హంపీ రథం చూసినవారికి ఇది తమ్ముడిలా కనిపిస్తుంది. ఒక్క సాయంత్రంలో రెండు గుళ్ళూ సాధ్యమే, కాకపోతే రెండోదాన్ని తొందరపడి చూడవలసి వస్తుంది.

బెలుం గుహలను ఈసారి వదిలేయండి. తాడిపత్రికి సుమారు ముప్పై కిలోమీటర్లే అయినా పని ముగించుకుని వెళ్ళేసరికి టికెట్లు ఇవ్వడం ఆపేస్తారు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ ప్రస్తావించిన ఈ గుహలను 1980లలో జర్మన్ బృందం కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో పర్యాటకులకు తెరిచినప్పటి నుంచి అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు నడవవచ్చు. లోపల గాలి ఆడని ఉక్కపోత. ఉపవాసంతో ఉన్న మనిషి పాతాళగంగ దాకా దిగి ఎక్కడం మంచి ఆలోచన కాదు. నేను ఒకసారి ఏకాదశినాడు దిగి, మెట్ల మీద కూర్చుండిపోయి, వెనుక వచ్చిన బడిపిల్లలు పంచిన బిస్కెట్లతో ఏకాదశి ముగించాను.

కారు విషయంలో ఒక మాట. డ్రైవరును మొహమాటపెట్టి దారి మళ్ళించమని అడగకండి. లాగ్‌బుక్కులో కిలోమీటర్ల తేడా వస్తే మాట పడేది అతనే. మీ కార్యాలయానికి ముందుగా ఒక వాక్యం రాసి, అదనపు కిలోమీటర్ల డబ్బు నేనే చెల్లిస్తానని చెప్పండి. నాకు తెలిసి ఇది ఒప్పుకోనివారు తక్కువ. లేకపోతే తాడిపత్రిలో కారు వదిలేసి, రాత్రికి ఆర్టీసీ బస్సులో అనంతపురం చేరుకోండి.

బొరుగులబుట్ట సమాధానం

ఇంతమంది ఇంత రాసి ఉగ్గాని మాట ఎత్తకపోవడం అన్యాయం. ఆదివారం ఉదయం రైలు దిగగానే గదికి వెళ్ళి స్నానం చేసి, హోటల్ వారు ఉచితంగా ఇచ్చే ఇడ్లీని వదిలి, బయటకు నడవండి. ఉదయం 9 లోపు వీధిలో బండి దగ్గర వేడిగా ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ దొరుకుతాయి.

దీనిని మరమరాల ఉప్మా అని పిలిచేవారితో నాకు పేచీ ఉంది. బొరుగులను నీళ్ళలో ముంచి వెంటనే పిండేయాలి. ఇంకొక నిమిషం ఉంటే గుజ్జవుతాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపుతో తిరగవాత పెట్టి, బొరుగులు కలిపి, చివర పప్పుల పొడి చల్లి నిమ్మరసం పిండుతారు. తడి బొరుగులకు ఆ పొడి పట్టుకున్నప్పుడు వచ్చే రుచే ఉగ్గాని, అది ఉప్మాలో ఉండదు. ఇక్కడ పప్పులంటే పుట్నాలు అని గుర్తు పెట్టుకోండి, లేకపోతే దుకాణంలో పప్పులు అడిగి పుట్నాలు తెచ్చుకుని ఆశ్చర్యపోతారు. బజ్జీ కారంగా ఉందనిపిస్తే గింజ తీసివేసి, ఒక ముక్క బజ్జీకి రెండు పిడికిళ్ళ ఉగ్గాని చొప్పున తినండి. బళ్ళారి వైపు కన్నడిగులు కూడా దాదాపు ఇదే చేసుకుంటారు, ఎవరిది ముందు అనే తగాదా ఇక్కడ వద్దు.

రాత్రికి ఓళిగలు. మీ బొబ్బట్టుకూ మా ఓళిగకూ మధ్య తేడా ఏమిటంటే, మాది వెడల్పుగా, పలుచగా ఉంటుంది. అనంతపురంలో పెనం మీద కాలుస్తూ అప్పటికప్పుడు అమ్మే దుకాణాలు ఉన్నాయి, పప్పు పూర్ణంతో పాటు కొబ్బరిదీ దొరుకుతుంది. నెయ్యి వేయించుకోండి. ఎవరైనా ఇంటికి పిలిస్తే మాత్రం కట్టుచారు అడగండి. పూర్ణం కోసం పప్పు ఉడికించిన కట్టుతో కాచే చారు అది, హోటళ్ళలో సాధారణంగా పెట్టరు.

అద్దకం సమాధానం

శనివారానికి లేపాక్షే. పెనుకొండ మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఈ మాటే చెబుతాను. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని తరలి వచ్చిన ఊరు అది. గగన మహలు, కోట, బాబయ్య దర్గా, జైన ఆలయం చూడాలంటే నిదానంగా ఒక రోజు కావాలి. రెండింటినీ ఒకే రోజులో కుక్కితే దేనికీ న్యాయం జరగదు.

కదిరి నుంచి గోరంట్ల మీదుగా హిందూపురం చేరి, అక్కడి నుంచి 15 కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో వెళ్ళవచ్చు. ఆదివారం తిరుగు రైలు హిందూపురంలోనే ఎక్కేటట్లు టికెట్టు మార్చుకుంటే వెనక్కి అనంతపురం రానక్కరలేదు. భువనేశ్వర్ వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఆ దారినే పోతుంది, మీరు రాజమహేంద్రవరంలోనో సామర్లకోటలోనో దిగవచ్చు.

లేపాక్షికి వెళ్ళిన ప్రతివారూ వేలాడే స్తంభం కింద కండువా దూర్చి, ఆ ఫొటో తీయించుకుని, నంది దగ్గర మరొకటి తీయించుకుని తిరిగి వస్తారు. రెండూ చూడవలసినవే. ఆ నంది ఒకే రాయి, 27 అడుగుల పొడవు. కానీ నేను చేనేత నమూనాలు గీసి బతికేవాడిని కనుక నా మాట వేరు. అక్కడ తలెత్తి చూడండి. మండపం కప్పు మీద పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో వేసిన బొమ్మలు ఉన్నాయి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, భక్తుల వరుసలో గుడి కట్టించిన విరూపణ్ణ సోదరులు. బొమ్మలలోని మనుషుల ముఖాలకన్నా వారి బట్టలు చూడండి. ఒక స్త్రీ కట్టిన చీర అంచు మరొకరికి లేదు. గళ్ళు, చారలు, పువ్వులు, హంసలు అన్నీ నాలుగైదు రంగులతోనే సాధించారు. ధర్మవరం మగ్గాల మీద నేటికీ లేపాక్షి నమూనా పేరుతో అంచులు నేస్తున్నారంటే దానికి మూలం ఆ కప్పే.

ఉదయం 9 లోపు చేరండి. ఎండ ఎక్కితే బయటి వెలుగుకు అలవాటుపడిన కళ్ళకు లోపలి కప్పు మసకగా కనిపిస్తుంది. లోపలికి వెళ్ళగానే చూడబోకుండా, పది నిమిషాలు స్తంభాల నీడలో కూర్చుని ఆ తరువాత తలెత్తండి. ఫ్లాష్ వాడకండి. చిన్న దూరదర్శిని ఉంటే తెచ్చుకోండి, మెడకు తువ్వాలు చుట్టుకోండి. నేను మొదటిసారి వెళ్ళి వచ్చాక రెండు రోజులు తల దించలేకపోయాను.

పూర్తికాని కల్యాణ మండపం వెనుక గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు. ఖజానా సొమ్ము గుడికి వాడాడన్న నింద భరించలేక విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడని కథ. ఖర్చుల పద్దు రాసి కార్యాలయానికి పంపే ఉద్యోగులకు ఈ కథ గట్టిగా తగులుతుంది.

సమయం మిగిలితే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట పేరు కూడా మనసులో పెట్టుకోండి, అది మరో ప్రయాణానికి. తోలుబొమ్మలు చేసే కుటుంబాల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు తోలు మీద అదే రంగులతో దీపాల తొడుగులు (లాంప్‌షేడ్లు) కూడా చేస్తున్నారు.

గోదారిగట్టు మళ్ళీ రాసినది

కాకినాడ చేరి రెండు రోజులైంది. ఏమి జరిగిందో రాస్తున్నాను.

సోమవారం టికెట్టుసంచిగారు చెప్పిన వరుసలోనే నడిచాను. పని 5 గంటలకు కాక 5.40కి ముగిసింది. కార్తీకంలో అప్పటికే పొద్దు వాలిపోతుంది కదా. ఒక గోపురం చుట్టూ తిరిగేసరికే వెలుగు పోయింది, రెండోదాన్ని దీపాల వెలుతురులో చూశాను. వేంకటరమణస్వామి గుడికి వెళ్ళలేకపోయాను. నక్షత్రం కనబడ్డాక గుడి బయట ఒక పెద్దావిడ ఉడకేసిన పచ్చి చెనిక్కాయలు అమ్ముతుంటే కొనుక్కుని ఉపవాసం విడిచాను. కొత్త పంట అట. ఈ వారంలో నేను తిన్నవాటిలో మొదటి స్థానం దానికే ఇస్తాను, ఆకలి వల్ల కావచ్చు.

ఉగ్గాని నాలుగు రోజులు తిన్నాను. కదిరిలో బండివాడు మూడో రోజు నన్ను చూడగానే బజ్జీ గింజ తీసి ఇచ్చాడు, దానిని గౌరవంగా తీసుకోవాలో అవమానంగా తీసుకోవాలో తెలియలేదు. సంగటి మాత్రం మొదటిసారి పొరపాటైంది. రోడ్డు పక్క ఒక పెద్ద హోటల్లో అడిగితే చల్లారి గట్టిపడిన ముద్ద, దానితోపాటు సాంబారు తెచ్చిపెట్టారు. పంతులుగారి మాట గుర్తు చేసుకుని వేరేది అడిగితే, కోడికూర లేకుండా తినేవారికి ఇదేనన్నారు. మరుసటి రోజు ప్లాంటు కాపలాదారు ఈ సంగతి విని, తన ఇంటి నుంచి డబ్బాలో రెండు ముద్దలు, గోగాకు పప్పు, ఊరిబిండి తెచ్చాడు. తుంచి మింగడం నాకు చేతకాక నమిలాను, అతను నవ్వి ఊరుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నది రాత్రి 9 దాకా మళ్ళీ ఆకలి అనిపించలేదు.

కార్యాలయం అదనపు కిలోమీటర్లకు ఒప్పుకుంది. మర్రిమాను చూశాను, కటారుపల్లికి కూడా వెళ్ళాను. పంతులుగారూ, అక్కడ ఇరవై నిమిషాలు కూర్చున్నాను. బడిలో నేర్చుకున్న పద్యాలు ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టుకుంటే పదకొండు వచ్చాయి.

లేపాక్షిలో పదిన్నర దాకా కప్పు కిందే ఉన్నాను. చీర అంచులు ఒక్కొక్కటీ కాగితం మీద గీసుకోబోయి, ఏడో అంచు దగ్గర ఓడిపోయాను. వేలాడే స్తంభం దగ్గర వరుస పెద్దదిగా ఉంటే నిలబడలేదు. అది చూడకుండా వచ్చానని చెబితే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు.

కొబ్బరివీ, పప్పువీ కలిపి ఓళిగలు డజను కట్టించుకుని రైలెక్కాను. మరునాటికి కొబ్బరివి కొంచెం వాసన మారడంతో పప్పువి మాత్రమే ఇంటికి చేరాయి. అమ్మకు కుంకుమ ఇచ్చాను. ఆమె ఊరిబిండి ఎలా చేస్తారని అడుగుతున్నది. కాపలాదారును అడగవలసింది, ఆ తొందరలో మరిచాను.

పాతబడిపంతులు సమాధానం

హోటల్ సంగతి విని సిగ్గుపడ్డాను, కాపలాదారు మా పరువు నిలబెట్టాడు. మా ఇంట్లో అడిగి రాస్తున్నాను, అమ్మగారికి చదివి వినిపించండి.

ఒక గ్లాసు చెనిక్కాయలను సన్నని సెగ మీద నిదానంగా వేయించి, చల్లారాక నలిపి పొట్టు చెరిగేయాలి. అదే బాణలిలో కాస్త నూనె వేసి ఆరేడు పచ్చిమిరపకాయలు మచ్చలు పడేదాకా వేయించాలి. మీ ఇంటికి నాలుగు చాలు. ఎండుమిరపకాయలతోనూ చేస్తారు, రంగు మారుతుంది, రుచి కూడా వేరు. రోట్లో ముందు మిరపకాయలు, ఉప్పు, నానబెట్టిన కొంచెం చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నూరి, ఆ తరువాత చెనిక్కాయలు వేసి నీళ్ళు చిలకరిస్తూ దంచాలి. పూర్తిగా మెత్తబడకూడదు, నాలుకకు పలుకు తగలాలి. చివర ఒక పచ్చి ఉల్లిగడ్డ వేసి రెండు దెబ్బలు వేస్తే చాలు. మిక్సీ తప్పనిసరి అయితే ఆపి ఆపి తిప్పండి, లేకపోతే అది ఇడ్లీలోకి చేసుకునే చట్నీ అయి కూర్చుంటుంది. తిరగవాత అక్కరలేదు. ఉల్లి వేసినది ఆ పూటకే, ఉల్లి లేకుండా చేస్తే మరునాటికి కూడా ఉంటుంది. వేడి అన్నంలో నెయ్యితో కూడా బాగుంటుంది, సంగటి చేయడం వచ్చేదాకా అలా తినండి.